ఐదు క్యాన్లకు ఒక మిల్లీగ్రాము



మాస్టారి పేరు ఆహ్వానపత్రంలో ఉంది, నా వెనకాల కట్టిన గుడ్డ మీద ఉంది. సభల్లో తన పేరు మాటిమాటికీ ఎత్తడం ఆయనకు గిట్టేది కాదని శిష్యులకు తెలుసు. అందుకని నేను మాస్టారనే అంటాను. రసాయనశాస్త్రం చెప్పిన మనిషి పేరున జరిగే ఉపన్యాసం కదా అని నిర్వాహకులను ఒకటే కోరాను. ముందు వరసలు నీళ్ల ప్లాంట్లు నడిపేవాళ్లకు, పంచాయతీ బోరుకు మోటారు వేసి వాల్వులు తిప్పేవాళ్లకు, ఊళ్లో కిట్టు పట్టుకుని నీళ్లు పరీక్షించే అక్కలకు ఇవ్వమన్నాను. ఇచ్చారు. పెద్దమనుషులు వెనక కూర్చున్నారు. వాళ్లకూ పని ఉంది, తర్వాత చెబుతాను.

మన చాపాడు కర్నూలు–కడప కాలువ, అదే కేసీ కాలువ కింది మండలం. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పడవలు నడపడానికీ పొలాలు తడపడానికీ తవ్విన కాలువ అది. కంపెనీకి గిట్టుబాటు కాకపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పక్కనే కుందూ నది. ఇన్ని నీళ్ల మధ్య ఉండి కూడా తాగడానికి ఇంటింటా ఇరవై లీటర్ల క్యాను పెట్టుకున్నాం. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల పేరుతో రెండు రూపాయలకు ఇరవై లీటర్లు అన్నప్పటి నుంచి ఈ అలవాటు పల్లెల్లో మరింత పాతుకుంది. తప్పని నేననను. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఎవరు మాత్రం తాగుతారు?

నా మాటల్లో చిన్న సరఫరాదారు అంటే మీరే. ఊరి బోరు మీద ట్యాంకు కట్టి కొళాయిలకు వదిలే పంచాయతీ, షెడ్డులో ఆర్‌వో మిషను పెట్టుకుని క్యాన్లు నింపే యజమాని, ఎండాకాలం ట్యాంకరు తోలే డ్రైవరు. హైదరాబాదు జలమండలికి ల్యాబులున్నాయి, కెమిస్టులున్నారు. మీకు ఎవరున్నారు? పాటించాల్సిన ప్రమాణాల కాగితం మాత్రం ఇద్దరికీ ఒకటే. భారతీయ ప్రమాణాల సంస్థ అచ్చువేసిన ఐఎస్ 10500, 2012 నాటిది, తర్వాత సవరణలు చేరాయి. అందులో లోహాల పట్టిక చదివితే అన్నీ సున్నాలే. సీసం 0.01. కాడ్మియం 0.003. పాదరసం 0.001. ఆర్సెనిక్ 0.01. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని అర్థం. షెడ్డులో కూర్చున్న మనిషికి ఈ సున్నాలు ఏం చెబుతాయి?

మనం ప్రొద్దుటూరు పక్కన ఉన్నాం, ప్రొద్దుటూరు లెక్కలో చెప్పుకుందాం. బంగారం అంగట్లో అద్దాల పెట్టెలో కాటా ఉంటుంది. ఫ్యాను గాలి తగిలినా అంకె మారే కాటా. దాని మీద మిల్లీగ్రామంటే ఏమిటో ఈ ఊరివాళ్లకు నేను చెప్పక్కరలేదు. ఇప్పుడు ఐదు క్యాన్లు తీసుకోండి, నూరు లీటర్లు. ఆ నూరు లీటర్లలో మొత్తం కలిపి సీసం ఒక్క మిల్లీగ్రాము దాటకూడదు. కాడ్మియమైతే మిల్లీగ్రాములో మూడో వంతు కూడా ఉండకూడదు. అదే కాడ్మియం మన కంసాలి వీధిలో అతుకు లోహంగా అందరూ ఎరిగినదే, కేడీఎం అన్నది దాని గురించే. దాని పొగ పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం చెడుతుందని ఆ అతుకును వదిలించారు. బంగారంలో దాన్ని గుర్తుపట్టి కాదన్న ఊరు, నీళ్లలో దాని మాట ఎత్తలేదు.

ఐదు క్యాన్లకు ఒక మిల్లీగ్రాము. ఈ రాత్రి మీరు ఇంకేదీ గుర్తుంచుకోకపోయినా పరవాలేదు, ఇదొక్కటీ ఉంచుకోండి.

ఇక మీ జేబులో ఉండే పెన్నులాంటి మీటరు సంగతి. ప్లాంటు యజమానిని నీళ్లెట్లున్నాయని అడిగితే దాన్ని గ్లాసులో ముంచి చూపిస్తాడు. “చూడు సార్, అరవై కూడా దాటల్యా, ఇంగేం కావాల?” అంటాడు. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. మీటరూ అబద్ధం చెప్పడం లేదు. అది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, కరిగిన లవణాలు మొత్తం ఎన్నున్నాయో అంచనా కడుతుంది. దానికి తెలిసిన అతి చిన్న మెట్టు లీటరుకు ఒక మిల్లీగ్రాము. సీసం హద్దు అందులో నూరో వంతు. అంటే హద్దుకు పదింతల సీసం ఉన్న నీళ్లకూ అది అరవయ్యే చూపిస్తుంది. ఉప్పు కొలవమని చేసిన పరికరాన్ని విషం సంగతి అడుగుతున్నాం, అదే చిక్కు.

అక్కల దగ్గరున్న కిట్టు దీనికంటే మేలు. జలజీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించాక ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలన్నారు. మంచి ఆలోచన, ఈ మొత్తం పథకంలో నాకు బాగా నచ్చినదీ అదే. ఆ పెట్టెలో సీసాలున్నాయి, రంగుల చార్టు ఉంది. ఫ్లోరైడు తెలుస్తుంది, నైట్రేటు తెలుస్తుంది, గట్టిదనం, క్లోరిన్ తెలుస్తాయి. లోహాల్లో మామూలుగా తెలిసేది ఒక్కటి, ఇనుము. ఇనుముకు కిట్టు అవసరమా అని నాకు అనుమానం. ఇనుమున్న నీళ్లు బిందెకు ఎర్రటి చార కడతాయి, తెల్ల పంచె పాడవుతుంది, నోటికి కత్తి నాకినట్టుంటుంది, జనం పంచాయతీ మీదికి వస్తారు. అంత అల్లరి చేసే ఇనుము మనకు చేసే హాని తక్కువ. సీసానికి రంగు లేదు, ఆ మోతాదులో రుచి లేదు, వాసన లేదు. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది, ఇంతవరకూ తీసుకుంటే భద్రమని చెప్పగల మోతాదే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

ఇంకో రెండు నమ్మకాలు పోగొట్టుకోవాలి. కాచితే పోతుందనుకుంటాం. కాచితే క్రిములు చస్తాయి. నీళ్లు కొంత ఆవిరైపోతాయి, లోహం గిన్నెలోనే ఉంటుంది, అంటే చిక్కబడుతుంది. బ్లీచింగ్ వేస్తే పోతుందనుకుంటాం. సీసంలాంటి లోహాన్ని క్లోరిన్ తీసేయదు. ఆర్‌వో పొర మాత్రం లోహాలను బాగానే ఆపుతుంది, యురేనియాన్ని కూడా. ఆ మాట చెప్పి మీకు ధైర్యమిచ్చాక ఒక మెలిక చెప్పాలి. లవణాలన్నీ తీసేసిన నీళ్లు ఆకలి మీద ఉంటాయి. కొనేవాళ్లకు తియ్యగా తగలాలని మీరు మీటరు యాభైకి దించుతారు. ఆ నీళ్లు దారిలో ఏ లోహం తగిలినా కొరుకుతాయి. పొర దాకా శుభ్రంగా వచ్చిన నీళ్లను చివర నాసిరకం ఇత్తడి కొళాయిలోంచి వదిలితే, ఇత్తడిని తేలిగ్గా చెక్కడానికి కలిపే సీసం కొంత అందులోకి దిగొచ్చు. రాత్రంతా కదలకుండా నిలబడిన నీళ్లలో మరీ. పొద్దున్నే వచ్చి మొదటి క్యాను పట్టుకునే కొనుగోలుదారు మీకు రోజూ వచ్చే మనిషే కదా.

పైపుల సంగతీ అంతే. పీవీసీ పైపు ఎండకూ వేడికీ చెడకుండా మన దేశంలో చాలాకాలం సీసం లవణాలు కలిపారు. ఆ విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది, చివరికి 2021లో పర్యావరణ మంత్రిత్వశాఖ పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని అడ్డుకుంటూ నియమాలు తెచ్చింది. అవి కొత్త పైపులకు. భూమిలో ఇదివరకే వేసినవాటిని ఏ గెజిట్టూ తవ్వి తీయలేదు.

ఇంతదాకా మనం చేతులారా కలుపుకునే లోహం. రాయిలోంచి వచ్చేదీ ఉంది. ఈ జిల్లాలో నీళ్లలో లోహం గురించి మాట్లాడుతూ తుమ్మలపల్లె పేరెత్తకుండా దాటేస్తే మాస్టారు ఊరుకునేవారు కాదు.

పులివెందుల దగ్గర, వేముల మండలంలో వేంపల్లె డోలమైటు రాతిపొరల్లో యురేనియం ఉంది. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గనికి శంకుస్థాపన చేశారు. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2012 నుంచి ఖనిజం తీస్తోంది. ఆ రాయికి ఆమ్లం పనికిరాదు, సున్నపు గుణమున్న రాయి ఆమ్లాన్ని తాగేస్తుంది. అందుకని సోడా కలిపిన క్షారద్రావణంతో యురేనియాన్ని కరిగించి లాగుతారు. మిగిలిన పిప్పి పైపుల గుండా టెయిలింగ్ పాండు అనే వ్యర్థాల చెరువుకు పోతుంది. చుట్టుపక్కల పల్లెల్లో, ముఖ్యంగా కె.కె. కొట్టాలలో, రైతులు తమ బోర్ల నీళ్లు చెడిపోయాయనీ అరటి తోటలు ఎండుతున్నాయనీ ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయనీ మొత్తుకున్నారు. చెరువు అడుగున నిబంధన ప్రకారం పొర వేయలేదని 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. నీళ్లలో యురేనియం ఇక్కడి రాతి నుంచి సహజంగా వచ్చేదేనని సంస్థ వాదన. ఆ రాతిలో యురేనియం లేకపోతే గనే ఉండేది కాదు, ఆ మాట నిజమే. పాండు నుంచి ఏదీ దిగడం లేదని మాత్రం ఆ మాటతో తేలదు.

రసాయనం తెలిసినవాళ్లకు ఇందులో ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. మిల్లులో సోడా చేసే పని, మెల్లగా, భూగర్భంలోనూ జరుగుతుంది. మన సీమ బోర్ల నీళ్లలో బైకార్బొనేటు ఎక్కువ. అది యురేనియంతో జతకట్టి దాన్ని రాతిని వదిలి నీళ్లతో ప్రయాణం చేయిస్తుంది. గని లేనిచోటా యురేనియం కనబడడానికి అదొక కారణం. 2018లో రాజస్థాన్, గుజరాత్ బావుల మీద వచ్చిన పరిశోధన కూడా ఇదే మాట చెప్పింది, పైగా నీటిమట్టం పడిపోవడమూ నైట్రేటు చేరడమూ దానికి తోడవుతాయంది. తుమ్మలపల్లె నీళ్లు చాపాడుకు వస్తాయని నేను భయపెట్టడం లేదు. కుందూ లోయలో మన కింద ఉన్న రాయి వేరు. కానీ మన బోరులో ఎంత ఉందో మనకు తెలుసా అని అడిగితే, రాయి వేరన్నది జవాబు కాదు.

హద్దు ఎంత అన్న దగ్గర మరో తమాషా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు యురేనియానికి లీటరుకు 15 మైక్రోగ్రాములంది, 2011లో 30 చేసింది. మన అణుశక్తి నియంత్రణ మండలి గీత 60. చాలాకాలం ఐఎస్ 10500లో యురేనియం పేరే లేదు, తర్వాత సవరణతో 0.03 మిల్లీగ్రాములు చేర్చారు, అంటే అదే 30. ఒక బోరులో 45 ఉందనుకోండి. ఒక కార్యాలయం తాగొచ్చంటుంది, ఇంకో కార్యాలయం వద్దంటుంది. యురేనియం అనగానే అందరికీ అణుబాంబు గుర్తొస్తుంది గాని, ఈ మోతాదులో శాస్త్రజ్ఞులు భయపడేది కిరణాలకంటే మూత్రపిండాలకు. ఇది సీసంలాంటి ఒక బరువులోహం అనుకుని ఆలోచిస్తే, నాకు 30 గీతే సరైనదనిపిస్తుంది. ఆ గొడవను పంచాయతీ నీళ్ల మనిషి తేల్చుకోవాలనడం మాత్రం అన్యాయం.

తుమ్మలపల్లె నుంచి చిన్న సరఫరాదారు నేర్చుకోవలసింది ఒకటుంది. గొడవ మొదలయ్యాక తీసిన శాంపిలు ఎప్పుడూ ఒకరి పక్షానే ఉంటుంది. సంస్థ తీస్తే సంస్థది, ఉద్యమం తీస్తే ఉద్యమానిది. ఊరి పంచాయతీ దగ్గర ఏడాదేడాదికీ రాసిపెట్టుకున్న సొంత అంకెలుంటే మాట వేరేగా నడుస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు చూశాం. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు, అనుమానం నీళ్ల మీదికి పోయింది, తర్వాత పురుగుమందుల వైపు మళ్లింది. అలాంటి రోజున ఊరికి కావలసింది నిన్నటి అంకె. అది జబ్బు వచ్చాక తయారయ్యేది కాదు.

ఇప్పుడు చదువు సంగతి. లోహాల గురించి లక్షల మందికి, చదువురానివాళ్లకు సైతం, ఎలా చెప్పాలో ప్రపంచానికి ఒక పాఠం బంగ్లాదేశ్‌లో దొరికింది. చెరువు నీళ్లతో విరేచనాలై పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి యూనిసెఫ్ అండతో అక్కడ గొట్టపు బావులు వేశారు. క్రిములు లేని నీళ్లు వచ్చాయి. ఆర్సెనిక్ ఉందేమోనని మాత్రం అప్పట్లో ఎవరూ చూడలేదు. 1993లో బయటపడింది. అప్పుడు వాళ్లు చేసిన పని చూడండి. దాదాపు యాభై లక్షల బావులు పరీక్షించి, హద్దు దాటినవాటి మూతికి ఎర్రరంగు, దాటనివాటికి పచ్చరంగు పూశారు. కాగితం లేదు, సున్నాలు లేవు. చేతిపంపే నోటీసు. ఎర్రబావి పక్కింటివాళ్లు పచ్చబావికి నడిచారు, అందరూ కాకపోయినా ఎంతోమంది. అక్కడా రంగు మాసిపోయింది, కొత్తగా వేసిన బావులను పరీక్షించేవాళ్లు లేక మళ్లీ అదే కథ. అయినా ఆ పద్ధతిని నేను మెచ్చుకుంటాను, అది అంకెను నీళ్ల దగ్గరికే తీసుకెళ్లింది.

అమెరికాలో ఇంకో దారి. అక్కడ 1991లో సీసం, రాగి నియమం వచ్చింది. నీళ్లు శుద్ధి చేసిన చోట కాదు, ఇంటి కొళాయి దగ్గర, కనీసం ఆరుగంటలు కదలని నీళ్లను ఒక లీటరు పట్టి చూడాలన్నారు. నూరుమంది ఉండే ఊరికి ఐదు శాంపిళ్లు, ఊరు పెరిగేకొద్దీ ఎక్కువ. కొళాయి ఇంటివాళ్లది, పైపులో సగం ఇంటివాళ్లది, అయినా అంకె హద్దు దాటితే ఏం చేయాలో చెప్పాల్సింది, నీటి కొరికే గుణాన్ని తగ్గించాల్సింది సరఫరాదారు. ఇది వింటే మీలో కొందరికి ఒళ్లు మండుతుందని తెలుసు. నియమం రాసినంత మాత్రాన జరిగిపోదని 2014లో ఫ్లింట్ నగరం చూపించింది. నీటి వనరు మార్చారు, పైపులు కొరుక్కుపోకుండా కలపాల్సిన మందు కలపలేదు, సీసం ఇళ్లలోకి దిగింది. అది చిన్న ఊరు కూడా కాదు.

అక్కడి ఏర్పాట్లలో మనం తెచ్చుకోదగ్గది నా దృష్టిలో ఆ నియమం కాదు, ఒక ఉద్యోగం. పల్లెల నీటి సంఘాలవాళ్లు 1980 నుంచి ఊరూరా తిరిగే నిపుణులను పెట్టుకున్నారు. ఆ మనిషి తనిఖీకి రాడు. మీ పంపుసెట్టు దగ్గరికి వచ్చి, మీతోపాటు చేతులు తడుపుకుని, శాంపిలు ఎలా పట్టాలో, రిపోర్టు ఎలా చదవాలో, ఏ వాల్వు మార్చాలో చూపించి పోతాడు. మళ్లీ వస్తాడు. మన దగ్గర శిక్షణ అంటే కడపలో ఒక హాలు, ఒక స్లైడు ప్రదర్శన, భోజనం, సంతకం. సంతకంతో పాటు బాధ్యత మీ నెత్తికి వస్తుంది, తెలివి హాల్లోనే ఉండిపోతుంది. తర్వాత ఏదైనా జరిగితే, మీకు శిక్షణ ఇచ్చాం కదా అంటారు.

చట్టం కూడా మిమ్మల్ని తికమక పెడుతుందని ఒప్పుకోవాలి. సీలువేసి అమ్మే తాగునీటికి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ నిబంధన తీసేసింది, నెల తిరిగేసరికి ఆ నీళ్లను ఎక్కువ ప్రమాదమున్న ఆహారాల వరసలో చేర్చి ఏటేటా తనిఖీలంది. ఇదంతా సీలున్న నీళ్ల గురించి. మీ షెడ్డులో మూతతీసి నింపిచ్చే క్యాను సీలువేసిన సరుకు కాదు, పంచాయతీ కొళాయీ కాదు. ఏ శాఖవాళ్లూ తమదనరు. గిరాకీ ఉన్నంతకాలం అది హాయిగానే ఉంటుంది. ఏలూరు లాంటిది ఒకటి జరిగిన రోజు అన్ని శాఖలూ ఒకేసారి వస్తాయి.

వెనక కూర్చున్న పెద్దమనుషులకు ఇప్పుడు. నేర్పని నియమానికి జరిమానా వేయకండి. నేర్పాక కూడా దాటితే వదలకండి. మధ్యలో చేయాల్సిన పని మీది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో జనం కూడా నామమాత్రపు రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చని జలజీవన్ మిషన్ తలుపులు తెరిచింది. ఆ సంగతి ఎన్ని ప్లాంట్ల గోడల మీద రాసి ఉందో మీరే తిరిగి చూడండి. ఏడాదికోసారి రసాయన పరీక్ష జరగాలని మార్గదర్శకాలున్నాయి. ఆ పరీక్షలో సీసం, కాడ్మియం, యురేనియం కూడా ఉన్నాయా అని గ్రామసభలో ఒక్కసారి అడగండి. లోహాలు చూసే యంత్రం ఖరీదైనది, దాన్ని నడిపే మనిషి ఇంకా ఖరీదు. ప్రతి మండలానికీ అక్కరలేదు. శాంపిళ్లు పోగుచేసి జిల్లాకు పంపే మనిషీ, రిపోర్టును తెలుగులో, ఐదు క్యాన్ల లెక్కలో చదివి చెప్పే మనిషీ మండలానికి ఒకరుండాలి. సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లున్నారు. వాళ్లలో ఒకరికి ఈ పని అప్పగిస్తే జీతం కొత్తగా ఇవ్వాల్సింది కూడా లేదు.

ప్లాంటు యజమానులకు భయం ఒకటుంది, దాన్ని దాచుకోకండి. అంకె చెడ్డగా వస్తే ప్లాంటు మూయాలా? సీసం 0.014 వచ్చిందనుకుందాం. మూయక్కరలేదు. కొళాయి మార్చి, పొద్దున మొదటి నీళ్లు పారబోసి, మళ్లీ శాంపిలు పంపండి. తగ్గితే దొంగ దొరికాడు. తగ్గకపోతే ట్యాంకు ముందు ఒకటి, పొర వెనక ఒకటి, రెండు శాంపిళ్లు తీస్తే లోహం ఎక్కడ చేరుతోందో తెలుస్తుంది. యురేనియం పచ్చినీళ్లలో ఎక్కువుండి, పొర దాటాక లేకపోతే మీ మిషను పనిచేస్తోందన్నమాట. అప్పుడు మీరు బయటికి వదిలే వృథా నీళ్ల సంగతి అడుగుతాను. పొర ఆపిన లోహమంతా అందులోనే ఉంది, దాన్ని పక్క మడిలోకో పాత బావిలోకో వదిలితే మన బోరుకే తిరిగొస్తుంది. దీనికి నా దగ్గర చవకైన మందు లేదు. తీసేశామనుకున్నది ఎక్కడికి పోయిందని అడగడం మొదలుపెడితే నీళ్ల పనిలో చాలా సంగతులు బయటపడతాయి. ఫ్లోరైడు తీయడానికి నల్లగొండ పద్ధతిలో పటిక వేస్తారు, మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. ఒక దయ్యాన్ని పంపితే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది, అందుకే శుద్ధి చేశాక కూడా కొలవాలి.

ఫ్లోరైడు మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. 1937లో ఉమ్మడి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను చూసి షార్ట్ అనే వైద్యుడి బృందం నీళ్లలో ఫ్లోరైడే కారణమని రాసింది. ఆ పల్లెల్లో చాలావాటికి మంచి నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. కారణం తెలియక కాదు, తెలిసిన సంగతి బావి దగ్గరికి చేరక.

చివరిగా బల్ల మీద పెట్టిన సీసాల గురించి. హాలు బయట, ఎడమచేతి వైపు. కళాశాలవాళ్లు ఆమ్లంతో కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ సీసాలవి. మినరల్ వాటర్ సీసా కడుక్కుని తెస్తానంటే కుదరదు. ప్లాంటుకు రెండు, పంచాయతీకి రెండు తీసుకోండి. ఒకటి రేపు పొద్దున, మోటారు వేయకముందు, కొళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు. రెండోది ఐదు నిమిషాలు వదిలాక. సీసా లోపల వేలు పెట్టొద్దు, మూత నేల మీద పెట్టొద్దు. లోహం సీసా గోడకు అంటకుండా నైట్రిక్ ఆమ్లం వేయాలి, ఆ పని ల్యాబువాళ్లది, మీరు ముట్టుకోవద్దు. మీద ఊరి పేరు, ఏ కొళాయి, ఎన్ని గంటలకు, మీ బోరు ఎన్ని అడుగులో రాయండి. అడుగులు తెలియకపోతే బోరు వేయించినవాళ్లను అడిగి రాయండి. సాయంత్రం నాలుగు లోపల తెచ్చిస్తే చాలు.

అక్కలకు ఒక మాట. సీసాల మీద మీరే చేయి వేయండి. ఈ హాల్లో చేతులు కడుక్కుని, రంగు చూసి, పుస్తకంలో తేదీ వేసి రాయడం అలవాటున్నది మీకే.